ప్రాసెసర్ పోయిందన్నారు, కొత్త కంప్యూటర్ కొనాలా?

ప్రశ్న: మాది విశాఖ వన్‌టౌన్, పాత పోస్టాఫీసు దగ్గర. పూర్ణా మార్కెట్‌లో కొన్ని షాపులకి ఇంట్లోనే ట్యాలీలో లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. 2014లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ నాది. ఐ3 నాలుగో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. వేసవి సెలవుల తర్వాత నుంచి బాగా స్లో అయింది. ఆన్ చేసిన అరగంటకి ఫ్యాన్ మోత మొదలవుతుంది, ట్యాలీలో ఒక ఎంట్రీ వేయడానికి ఎదురుచూడాల్సి వస్తోంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ 100 శాతం అని కనిపించి తగ్గిపోతుంది. అది తెరిచి ఉంచినంతసేపు బాగానే ఉంటుంది, మూసేశాక మళ్ళీ అదే మోత. షాపులో చూపిస్తే ‘ప్రాసెసర్ వీక్ అయిందమ్మా, కొత్త సిస్టమ్ తీసుకోండి’ అన్నారు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి గేమ్స్ ఆడుతుంటాడు కానీ వాడికి కూడా ఏమీ అర్థం కావట్లేదు. రిటర్నుల గడువు తేదీలు 11, 20 వస్తున్నాయంటే నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

సమాధానం: ఇప్పుడే కొత్త సిస్టమ్ కొనకండమ్మా. ప్రాసెసర్‌లో కదిలే భాగాలు లేవు. మామూలు ఇంటి వాడకంలో అది అరిగిపోయి నెమ్మదించదు. నిజంగా పాడైతే కంప్యూటర్ ఆన్ కాదు, లేదా ఉన్నట్టుండి ఆగిపోతుంది, నీలం తెర వస్తుంది. మీది ఆన్ అవుతోంది, టాస్క్ మేనేజర్ తెరిచి ఉన్నంతసేపు చక్కగా పనిచేస్తోంది. వీక్ అయిన ప్రాసెసర్ ఒక ప్రోగ్రామ్ తెరవగానే బాగైపోయి, మూయగానే మళ్ళీ వీక్ అవదు. అందుకే ఆ షాపువాళ్ళ మాట నేను ఒప్పుకోలేను.

సీపీయూ 100 శాతం అంటే ప్రాసెసర్‌కి ఊపిరాడనంత పని ఎవరో అప్పగించారని. గాజువాక వెళ్ళే సిటీ బస్సు కిక్కిరిసి ఉంటే బస్సు పాడైందని ఎవరూ అనరు. ఎక్కింది ఎవరో చూడాలి. ఎక్కాల్సినవాళ్ళే ఎక్కారా, టికెట్ లేనివాళ్ళు కూర్చున్నారా అన్నది తేలకుండా మీరు రూపాయి ఖర్చు పెట్టొద్దు.

ఏదైనా మొదలుపెట్టే ముందు మీ ట్యాలీ డేటా జాగ్రత్త చేయండి. ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే డేటా మెనూ వస్తుంది, అందులో బ్యాకప్ ఉంటుంది. అన్ని కంపెనీల డేటా ఒక పెన్ డ్రైవ్‌లోకి తీసుకుని, ఆ పెన్ డ్రైవ్ తీసేసి బీరువాలో పెట్టండి. కంప్యూటర్‌కే గుచ్చి వదిలేస్తే అది బ్యాకప్ అనిపించుకోదు. డేటా మాత్రమే కాపీ చేయండి, సెటప్ ఫైళ్ళు, గేమ్స్ వద్దు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. రిటర్ను తేదీ దగ్గర్లో ఉంటే ఈ నెల పని వేరే కంప్యూటర్‌లో పూర్తి చేసి, తర్వాత దీని సంగతి చూడండి. జీఎస్‌టీఆర్-1కి 11, జీఎస్‌టీఆర్-3బీకి 20 అని గడువు నెత్తిన పెట్టుకుని రిపేరు చేస్తే తొందరలో తప్పు నొక్కుతాం.

ఇక చూడటం సంగతి. కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ నేరుగా తెరుచుకుంటుంది. చిన్న కిటికీగా వస్తే కింద ‘మోర్ డీటెయిల్స్’ నొక్కండి. ప్రాసెసెస్ ట్యాబ్‌లో సీపీయూ అన్న కాలమ్ పైన ఒకసారి నొక్కితే ఎక్కువ వాడుతున్నది పైకి వస్తుంది. తెరిచిన మొదటి క్షణాల్లో కనిపించే అంకెను పట్టించుకోవద్దు. టాస్క్ మేనేజర్ లేచేటప్పుడు తనే కొంత సీపీయూ వాడుకుంటుంది. ఒక నిమిషం ఆగి చూడండి. డీటెయిల్స్ ట్యాబ్‌లో ‘సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్’ అని 90, 95 కనిపించి చాలామంది కంగారు పడతారు. అది ఖాళీగా ఉన్న భాగం. ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది.

ఒకే ప్రోగ్రామ్ పేరు పక్కన 25 దగ్గర అంకె కదలకుండా నిలబడిపోతే అదీ ఒక ఆనవాలే. మీ ఐ3లో రెండు కోర్లు, అంటే పనిచేసే భాగాలు, ఉన్నా విండోస్‌కి అవి నాలుగుగా కనిపిస్తాయి. ఒక ప్రోగ్రామ్ ఎక్కడో చిక్కుకుని ఒకే పని తిప్పి తిప్పి చేస్తుంటే ఆ నాలుగింటిలో ఒకటి పూర్తిగా నిండిపోతుంది. మొత్తంలో అది 25 శాతం. ప్రింటర్‌తో పాటు వచ్చిన సాఫ్ట్‌వేర్లు, పాత అప్‌డేటర్లు ఇలా చిక్కుకుంటుంటాయి. అలాంటిదాన్ని ఎంచుకుని ‘ఎండ్ టాస్క్’ కొట్టొచ్చు. రోజూ అదే వస్తుంటే తీసేసి కొత్త వెర్షన్ వేసుకోవాలి.

పైన కనిపించే పేర్లలో కొన్ని విండోస్‌వే, వాటికి భయపడక్కర్లేదు. ‘యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్’ అంటే విండోస్‌తో వచ్చే డిఫెండర్. ఫైళ్ళు తనిఖీ చేసేటప్పుడు ప్రాసెసర్‌ని గట్టిగానే వాడుతుంది, పని అయ్యాక ఊరుకుంటుంది. దాన్ని ఆపేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినకండి. షాపువాళ్ళు ఇంకో యాంటీవైరస్ ట్రయల్ వేసి ఉంటే మాత్రం దాన్ని తీసేయండి. మీ కంప్యూటర్‌కి రెండు కాపలాలు మోసే శక్తి లేదు. ‘విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్’ కనిపిస్తే అప్‌డేట్లు ఎక్కుతున్నాయని. అవి ఎక్కేదాకా ఒక రాత్రి కంప్యూటర్ ఆన్‌లో వదిలేయడమే మంచి మందు. మధ్యలో స్విచ్ ఆఫ్ చేస్తూ పోతే అది రోజూ మళ్ళీ మొదటికొస్తుంది. సాయంత్రం ఒక గంట ఆన్ చేసి కట్టేసే ఇళ్ళలో కంప్యూటర్ ఎప్పుడూ స్లోగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం. ‘సెర్చ్ ఇండెక్సర్’ కూడా అంతే, కొత్త ఫైళ్ళు చాలా చేరినప్పుడు హడావిడి చేసి సర్దుకుంటుంది. ‘సిస్టమ్ ఇంటరప్ట్స్’ అన్నది మాత్రం ఎప్పుడూ సున్నా దగ్గరే ఉండాలి. అది 10, 15 చూపిస్తుంటే డ్రైవరో (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), తగిలించిన ఏదో పరికరమో ఇబ్బంది పెడుతోందని అర్థం. ప్రింటర్, వెబ్‌క్యామ్, యూఎస్‌బీ హబ్ ఒక్కొక్కటే పీకి చూస్తే దొరుకుతుంది.

క్రోమ్ పేరే పైన ఉంటే, క్రోమ్‌లో ఉండగా షిఫ్ట్, ఎస్కేప్ నొక్కండి. దానికి సొంతంగా ఒక టాస్క్ మేనేజర్ ఉంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోందో విడివిడిగా చెబుతుంది. మీ ప్రాసెసర్ వయసుకి యూట్యూబ్ కూడా బరువే. ఇప్పటి వీడియో ఫార్మాట్లు విప్పే ప్రత్యేక హార్డ్‌వేర్ దాంట్లో లేదు కాబట్టి ఆ పనంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. వీడియో 480కి తగ్గిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇవన్నీ ఎవరింట్లోనైనా ఉండేవే. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది వేరే మాట. టాస్క్ మేనేజర్ తెరిచి ఉంచినంతసేపు బాగుంటుంది, మూసేశాక మళ్ళీ మోత అని మామూలుగా రాసేశారు. నాకు అదే అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది. తెరిచిన క్షణంలో 100 చూపించి తగ్గడం మామూలే. కానీ తెరిచి ఉంచినంతసేపూ ఫ్యాన్ నెమ్మదించి, మూయగానే మళ్ళీ అరవడం మామూలు కాదు. ఎవరైనా చూస్తున్నారని తెలియగానే పని ఆపేసి దాక్కునే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. మైనర్లు అంటారు వాటిని. మీ కరెంటుతో, మీ ప్రాసెసర్‌తో క్రిప్టో కరెన్సీ తవ్వి, ఆ డబ్బు ఎక్కడో ఉన్న వాడి ఖాతాకి పంపుతాయి. అవి ఇళ్ళలోకి వచ్చే దారుల్లో బాగా తెలిసినది లైసెన్సు తాళం పగలగొట్టి ఉచితంగా పంచే క్రాక్ గేమ్స్, క్రాక్ సాఫ్ట్‌వేర్లు. ఇబ్బంది వేసవి సెలవుల తర్వాత మొదలైందని మీరే రాశారు.

ఇది ఖాయమని ఇక్కడ కూర్చుని అనను, పరీక్షించి చూడొచ్చు. ఫ్యాన్ మోత వస్తున్నప్పుడు ఏ ప్రోగ్రామూ తెరవకుండా నెట్ మాత్రం తీసేయండి. వైర్ అయితే పీకండి, వైఫై అయితే రౌటర్ ఆఫ్ చేయండి. మైనర్‌కి నెట్ లేకపోతే పని అందదు. కొద్ది నిమిషాల్లో మోత తగ్గి, నెట్ పెట్టగానే మళ్ళీ వస్తే అనుమానం బలపడినట్టే. ఇంకోటి, విండోస్‌ని సేఫ్ మోడ్‌లో తెరిచి అరగంట వదిలేయండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొడితే వచ్చే నీలం తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్తే అది వస్తుంది. అక్కడ విండోస్‌కి తప్పనిసరైనవి తప్ప మిగతావి లేవవు. సేఫ్ మోడ్‌లో ప్రశాంతంగా ఉండి, మామూలుగా తెరిస్తే మోత వస్తుంటే, తర్వాత ఎక్కించిన ప్రోగ్రామ్‌లలోనే దొంగ ఉండే అవకాశం ఎక్కువ.

ఆపైన విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్ళండి. స్కాన్ కంటే ముందు మేనేజ్ సెట్టింగ్స్‌లో, చివర్న ఉండే ‘ఎక్స్‌క్లూజన్స్’ చూడండి. ఫలానా ఫోల్డర్ జోలికి వెళ్ళొద్దని డిఫెండర్‌కి చెప్పే జాబితా అది. మీరు ఎప్పుడూ అక్కడ ఏమీ రాయలేదు కాబట్టి ఖాళీగా ఉండాలి. గేమ్ ఫోల్డరో, సి డ్రైవ్ మొత్తమో అక్కడ కనిపిస్తే, మీ కాపలాదారుడి కళ్ళకు గంతలు కట్టారన్నమాట. ‘యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి’ అని క్రాక్‌లతో పాటు వచ్చే సూచనల్లో రాసి ఉంటుంది, పిల్లలు అలాగే చేస్తారు. ఆ జాబితాలో ఉన్నవన్నీ తీసేసి, స్కాన్ ఆప్షన్స్‌లో ‘డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్’ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. దాక్కునే వాటికి అప్పుడు దాక్కునే చోటు తక్కువ. పావుగంట, అరగంట పట్టొచ్చు. తర్వాత ప్రొటెక్షన్ హిస్టరీలో ఏం దొరికిందో చూడండి.

దొరికితే, తీసేసింది కదా అని ఊరుకోవద్దమ్మా. మైనర్ ఒక్కటే వచ్చి ఉంటే నష్టం కరెంటు బిల్లుతో పోయేది. క్రాక్‌ల వెంట బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు లాక్కుపోయేవి కూడా వస్తాయి. మీ క్రోమ్‌లో షాపుల జీఎస్టీ లాగిన్లు, మీ ఈమెయిల్, బ్యాంకు ఉండి ఉంటాయి. అవి మీ ఒక్కరివే కాదు, మిమ్మల్ని నమ్మి ఇచ్చినవాళ్ళవి. అందుకే దొరికిన పక్షంలో నా సలహా గట్టిది: విండోస్ మొత్తం చెరిపి కొత్తగా వేయించండి. మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే మీడియా క్రియేషన్ టూల్‌తో, వేరే మంచి కంప్యూటర్‌లో, 8 జీబీ పెన్ డ్రైవ్ మీద తయారుచేసింది వాడాలి. షాపులో పాత సీడీ నుంచో, ‘యాక్టివేటర్’ తోనో వేస్తామంటే ఒప్పుకోకండి. ఆ యాక్టివేటర్ కూడా క్రాకే. పాస్‌వర్డ్‌లు మీ ఫోన్ నుంచి మార్చండి, ఈ కంప్యూటర్ శుభ్రమయ్యేదాకా దీంట్లో కొత్త పాస్‌వర్డ్ కొట్టొద్దు. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత జీఎస్టీ లాగిన్లు. షాపులవాళ్ళకి కూడా ఒక ఫోన్ చేసి చెప్పేయండి. ఇబ్బందిగానే ఉంటుంది, కానీ వాళ్ళకి తెలియాలి.

బాబుని తిట్టకండి. వాడు ఆడుకోవడానికి గేమ్ వేసుకున్నాడు, అంతే. తిడితే రేపు మళ్ళీ ఏదైనా జరిగినప్పుడు దాచిపెడతాడు. ఏం వేశాడో, ఎక్కడి నుంచి దించాడో నెమ్మదిగా అడగండి, ఆ పేరు తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. వాడికి విండోస్‌లో వేరే ఖాతా తెరిచి, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా కాకుండా స్టాండర్డ్ యూజర్‌గా పెట్టండి. అప్పుడు సిస్టమ్‌లో మార్పులు చేసే సాఫ్ట్‌వేర్ ఏది వేయాలన్నా మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. నెలనెలా గడువులున్న కంప్యూటర్‌కి ఇది అందరిళ్ళలోనూ ఉండాల్సిన ఏర్పాటు.

మైనర్ దొరికినా, దొరక్కపోయినా రెండో పని ఒకటుంది. అది మీరుండే చోటుని బట్టి చెబుతున్నాను. వన్‌టౌన్‌లో పోర్టు దుమ్ము గురించి మీకు నేను చెప్పాలా? కిటికీ గట్టు పొద్దున తుడిస్తే సాయంత్రానికి నల్లగా వేలికి అంటుకుంటుంది. బొగ్గు, ఐరన్ ఓర్ దుమ్ముకి సముద్రపు తేమ, ఉప్పు గాలి తోడైతే అది పొడిగా ఉండదు, అట్టకట్టేస్తుంది. ప్రాసెసర్ మీద ఉండి దాని వేడిని లాగేసే హీట్‌సింక్ రెక్కల మధ్య, ఫ్యాన్ కింద, పవర్ సప్లయ్ జాలీలో అలాగే పేరుకుపోతుంది. గాలి లోపలికి వెళ్ళదు, వేడి బయటికి రాదు.

అప్పుడు ప్రాసెసర్ తనని తాను కాపాడుకుంటుంది. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి చాలా ఇంటెల్ ప్రాసెసర్లు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. వేగం తగ్గాక అదే పనికి ఎక్కువసేపు పడుతుంది, కాబట్టి సీపీయూ 100 దగ్గరే ఉండిపోతుంది. ఆన్ చేసిన అరగంటకి మొదలవుతుందని మీరు రాసింది దీనికీ సరిపోతుంది. తెలుసుకోవడానికి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి సీపీయూ నొక్కండి. ‘బేస్ స్పీడ్’ అని ఒకటి, ‘స్పీడ్’ అని ఒకటి ఉంటాయి. నాలుగో తరం డెస్క్‌టాప్ ఐ3లకి బేస్ స్పీడ్ మోడల్‌ని బట్టి 3.4, 3.5, 3.6 గిగాహెర్ట్జ్ అలా ఉంటుంది, అవసరమైనప్పుడు అంతకన్నా వేగం పెంచుకునే టర్బో వాటికి లేదు. ఖాళీగా ఉన్నప్పుడు స్పీడ్ 0.8 దాకా పడిపోవడం సహజం, కరెంటు ఆదా కోసం అలా చేస్తుంది. ప్రాసెసర్ నిండా పనితో ఉన్నప్పుడు చూడాలి. ట్యాలీలో పెద్ద రిపోర్టు పెట్టి, యూట్యూబ్‌లో పెద్ద వీడియో తెరిచి, సీపీయూ 90 దాటిందనగా ఆ అంకె చూడండి. బేస్ స్పీడ్ దగ్గరే ఉంటే వేడి బాధ లేదు. రెండుకో, ఒకటిన్నరకో పడిపోయి ఉంటే దాదాపు వేడి వల్లే.

శుభ్రం చేయడం ఇంట్లోనే చేయొచ్చు. ప్లగ్ పూర్తిగా పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క పలక విప్పి మేడ మీదికో వరండాలోకో తీసుకెళ్ళండి, ఆ దుమ్ము ఇంట్లో పీల్చొద్దు, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. మెత్తటి పొడి పెయింట్ బ్రష్ చాలు. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని ఊదాలి, లేకపోతే పిచ్చిగా తిరిగి పాడవుతుంది. తడిగుడ్డ వద్దు. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, దాని స్టాటిక్ కరెంటు బోర్డుకి మంచిది కాదు. హీట్‌సింక్‌ని నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులు పట్టుకుని ఉంటాయి. వాటిలో ఒక్కటి ఊడినా హీట్‌సింక్ ఒక పక్క లేచిపోయి ప్రాసెసర్‌కి ఆనదు. ఇల్లు మారినప్పుడో, టేబుల్ జరిపినప్పుడో ఇది జరుగుతుంది. వేలితో మెల్లగా కదిపి చూస్తే తెలుస్తుంది.

హీట్‌సింక్ విప్పడం మాత్రం మీరు చేయొద్దు. దాని కింద ప్రాసెసర్ వేడిని దానికి చేర్చే థర్మల్ పేస్ట్ ఉంటుంది, 2014 నుంచి మార్చకపోతే ఎండి పొడిగా అయిపోయి ఉంటుంది. అది మెకానిక్‌తో మార్పించండి, మీ ఎదుటే. చిన్న పని. ర్యామ్ కూడా ఒకసారి తీసి, దాని బంగారు రంగు అంచుల్ని తుడిచి పెట్టమనండి. సముద్రానికి ఇంత దగ్గర్లో ఆ అంచులు మసకబారడం మామూలే.

కంప్యూటర్ టేబుల్‌లో తలుపున్న గూట్లో సీపీయూ బాక్స్ పెట్టి ఉంటే ఆ తలుపు తీసేయండి, లేదా బయట పెట్టండి. గోడకి జానెడు ఎడం ఉండాలి. దుమ్ము పడకూడదని గుడ్డ కవర్ కుట్టించి కప్పుతారు చాలామంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు కప్పండి, ఆన్ చేసే ముందు పూర్తిగా తీసేయండి.

ఇక డిస్క్, ర్యామ్. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోనే అవీ కనిపిస్తాయి. సీపీయూ 20, 30 దగ్గర ఉండి డిస్క్ 100 అని నిలబడిపోతే అది హార్డ్ డిస్క్ నెమ్మదితనం, ప్రాసెసర్‌ది తప్పు లేదు. మీ 4 జీబీ ర్యామ్‌లో విండోస్, డిఫెండర్, ట్యాలీ, క్రోమ్ పట్టడం కష్టం. పట్టని దాన్ని విండోస్ హార్డ్ డిస్క్ మీదికి తోస్తుంటుంది, అక్కడ తిరిగే పళ్ళెం వేగానికి అంతా ఆగిపోతుంది. హార్డ్ డిస్క్ బదులు తిరిగే పళ్ళెం లేని ఎస్‌ఎస్‌డీ ఒకటి వేయించుకుంటే మీకు కళ్ళకి కట్టినట్టు తెలిసే మార్పు అదే. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కొంటే రేపు కొత్త కంప్యూటర్‌కి కూడా పెట్టుకోవచ్చు, డబ్బు వృథా కాదు. ర్యామ్ విషయంలో అలా కాదు. మీది డీడీఆర్3 అనే పాత రకం, కొత్త మెషీన్లలో పనికిరాదు. అందుకని కొత్త స్టిక్ కోసం ఎక్కువ పెట్టొద్దు. ద్వారకానగర్ వైపు షాపుల్లో వాడిన 4 జీబీ డీడీఆర్3 స్టిక్ దొరికితే, పెట్టి చూపించి, ఆగకుండా పనిచేస్తేనే తీసుకోండి.

ఇంత చెప్పాక కొత్త కంప్యూటర్ అసలు వద్దా అంటే, వద్దనను. కానీ దాని కారణం ప్రాసెసర్ వీక్ అవడం కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఇళ్ళలో వాడేవాళ్ళకి పొడిగించిన భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామన్నారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ‘ఎన్‌రోల్’ అని కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే చేరొచ్చు. ఇంతవరకు చేరకపోతే ఈ వారమే చేరండి. విండోస్ 11 మీ మెషీన్‌కి రాదు. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే దానికి అనుమతి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. ‘బైపాస్ చేసి వేస్తామమ్మా’ అనే షాపులుంటాయి. సినిమాలు చూసుకునే కంప్యూటర్‌కైతే సరే అనేవాణ్ణి. పదిమంది లెక్కలు, లాగిన్లు ఉండే దానికి వద్దు.

కాబట్టి ఈ కంప్యూటర్‌ని బాగుచేసి ఆ గడువు దాకా నిశ్చింతగా వాడుకోండి, ఈలోగా కొత్తదానికి డబ్బు కూడబెట్టుకోండి. అప్పుడు మీరే తీరిగ్గా బేరమాడి కొంటారు. 19వ తేదీ రాత్రి కంగారులో కొంటే షాపువాడు చెప్పిందే ధర, ఇచ్చిందే సరుకు. కొనేటప్పుడు కనీసం 8 జీబీ ర్యామ్, వీలైతే 16, ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి, లైసెన్సు ఉన్న విండోస్ 11 అడగండి. పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తే హార్డ్ డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకోండి.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాల్సి వస్తే సాధ్యమైనంతవరకు వదిలేసి రావద్దు, పక్కనే కూర్చుని చేయించుకోండి. ‘స్లోగా ఉంది, చూడండి’ అని చెప్పకుండా ఏం చేయాలో మీరే చెప్పండి: పేస్ట్ మార్చాలి, హీట్‌సింక్ పిన్నులు చూడాలి, ఎస్‌ఎస్‌డీ పెట్టాలి. ఏదైనా భాగం మారిస్తే పాత భాగం తిరిగి అడిగి తీసుకోండి. మళ్ళీ ఎవరైనా ప్రాసెసర్ పోయిందంటే, ఏ పరీక్ష చేసి తేల్చారో చూపించమని అడగండి. అలా అడగడం మీ హక్కు, మొహమాటపడొద్దు.

చేసే వరుస కూడా చెబుతాను. ఈరోజు బ్యాకప్, నెట్ తీసి చూసే పరీక్ష, ఎక్స్‌క్లూజన్స్ జాబితా, ఆఫ్‌లైన్ స్కాన్. ఆదివారం దుమ్ము దులపడం. ఎస్‌ఎస్‌డీ మాత్రం 20 దాటాకే, ఎందుకంటే దానితో పాటే విండోస్ కొత్తగా వేయిస్తే రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి. అంతా చేశాక కూడా మోత తగ్గకపోతే నాకు రెండు ఫొటోలు పంపండి. స్లోగా ఉన్న సమయంలో ప్రాసెసెస్ ట్యాబ్‌ది ఒకటి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ పేజీది ఇంకోటి. ఫోన్‌తో తీసినవైనా చాలు. వెనకాల ట్యాలీ తెరిచి ఉంటే మూసేసి తీయండి, షాపుల పేర్లు, అంకెలు ఫొటోలో పడకుండా.